దీపాల ప్రతి

పాత పుస్తకాల వాళ్ళు ఆమెకు పెట్టిన పేరు భూతద్దం. ఎదుట ఎవరూ అనేవారు కాదు గాని, ఆమె వాళ్ళ దుకాణాల మెట్లు దిగీ దిగకముందే ఆ మాట లోపలినుంచి గాలిలా వచ్చి వీపుకు తగిలేది. ఆమెకు కోపం రాలేదు. యాభై దాటిన ఒంటరి మనిషికి, పొద్దస్తమానం పుస్తకాల అట్టలమీద వంగి కూర్చునే మనిషికి, అంతకన్న అతికినట్టున్న పేరు కన్నవాళ్ళు కూడా పెట్టలేరు.

ఆమె పని ఒక్క రచయిత చుట్టూ తిరిగేది. దయ్యాల కథలు, హత్యల కథలు రాసి, జేబులో పట్టే చిన్న పుస్తకాలుగా వదిలి, వెళ్ళిపోయిన రచయిత ఆయన. ఒకప్పుడు ఆ పుస్తకాలు అద్దెకు తిరిగి తిరిగి చిరిగాయి. పాఠ్యపుస్తకాల మధ్య దాచుకుని చదివిన పిల్లలే ఇప్పుడు తలలు నెరిసి, వాటిని గాజు బీరువాల్లో పెట్టి తాళం వేస్తున్నారు. ఏది తొలి ముద్రణ, ఏది మలి ముద్రణ, ఏ అట్ట ఆ పుస్తకానిదే, ఏ అట్ట ఇంకోదాన్నుంచి ఊడదీసి అంటించింది అన్న తగువు వస్తే చివరిమాట ఆమెది. కాగితం రంగు చూసేది, కుట్టు చూసేది, అన్నిటికన్న ముందు అట్టబొమ్మ చూసేది.

ఆ అట్టబొమ్మలన్నీ గీసింది ఆమె తండ్రి.

తండ్రి విద్య కూతురికి అబ్బిందని లోకం మెచ్చుకుంటే ఆమె తలవంచుకుని ఊరుకునేది. తండ్రి గురించి ఆమెకు చెప్పుకోవాలని ఏమీ లేదు. ఆమె పలక పట్టిన ఏడే తల్లి జ్వరంతో పోయింది. ఆ తర్వాత ఆ ఇంట్లో తల్లి మాట వినపడలేదు. ఫొటో అంటే ఆవిడకు బెదురట, ఒక్కటీ తీయించుకోలేదు. ఇంటికొచ్చిన చుట్టాలు పొరపాటున ఆవిడ ఊసెత్తితే తండ్రి చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని బయటికి వెళ్ళిపోయేవాడు. పిల్ల మొదట ఏడ్చింది, తర్వాత అలిగింది, తర్వాత ఆ అలక గట్టిపడి కోపమైంది. తండ్రి పోయినా కోపం పోలేదు. నాన్న అమ్మను మరిచిపోయాడు. ఆ ఒక్క నమ్మకం మీదే ఆమె తన బతుకంతా కట్టుకుంది.

ఆమెను ఎదురుగానే భూతద్దం అని పిలిచే సాహసం ఒక్క డాక్టరుగారిది. కళ్ళ వైద్యం చేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన. ఆ రచయిత పుస్తకాలు ఆయన దగ్గరున్నన్ని ఇంకెవరి దగ్గరా లేవు. వాటన్నిటినీ ఒక గ్రంథాలయానికి ఇచ్చేయాలని, ఇచ్చే ముందు ప్రతి పుస్తకానికీ వివరం రాయించి అచ్చు వేయించాలని, ఆ వివరం కింద ఆమె పేరు ఉండాలని ఆయన పట్టు.

“రండి రండి. కళ్ళ డాక్టరు ఇంటికి భూతద్దం రాకపోతే ఇంకెవరొస్తారు,” అన్నాడాయన ఆ ఉదయం తలుపు తీస్తూ.

ఆయన పుస్తకాల గదిలో పగలు కూడా సాయంత్రంలా ఉండేది. ఎండకు అట్టల రంగులు వెలిసిపోతాయని కిటికీలకు దళసరి తెరలు వేసి ఉంచేవాడు. కలరా ఉండల వాసన, పాత జిగురు వాసన. బల్లమీద తెల్లటి గుడ్డ పరిచి, దానిమీద ఐదు పుస్తకాలు వరసగా పేర్చి ఉన్నాయి. ఐదూ ఒకే పుస్తకం. ఆ రచయిత మొట్టమొదటి దయ్యాల నవల. చదివినవాళ్ళు ఇంకొకరికిచ్చి, వాళ్ళు మరొకరికిచ్చి చివరికి అట్ట మిగలని పుస్తకం. అట్టమీద చీకటి ఇల్లు ఉన్న ప్రతిని మాత్రం ఆమె ఎప్పుడో చూసింది. మిగతావి ఉన్నాయని వినడమే గాని చూసింది లేదు.

చిక్కంతా ఎక్కడంటే, ప్రచురణకర్త ఎన్నిసార్లు అచ్చు వేసినా లోపలి పేజీ మార్చలేదు. తొలి ముద్రణ అన్న మాట, తొలి సంవత్సరం ప్రతిసారీ అలాగే ఉంచేశాడు. కొత్త పుస్తకమంటే జనం ఎగబడతారని అతని లెక్క. కాబట్టి ఏది ముందో ఏది వెనకో అట్ట చూసి చెప్పవలసిందే. అట్టలు మాత్రం ఐదూ ఐదు రకాలు.

బొమ్మ ఒకటే. మేడ ఇల్లు. పైన ఒక కిటికీ, మెట్ల మలుపులో ఒక కిటికీ, కింద వీధి తలుపు. తలుపు దగ్గరనుంచి ఒక బాట వంకర్లు తిరుగుతూ వచ్చి అట్ట కింది అంచున, పుస్తకం పట్టుకున్నవాడి బొటనవేలు ఆనే చోట, ఆగిపోతుంది.

డాక్టరుగారు వరస వివరించాడు. మొదటిది దీపాల ప్రతి. పై కిటికీ, మెట్ల కిటికీ, తలుపు, మూడూ వెలుగుతో నిండి ఉన్నాయి. ఇలాంటిది ఇంకెక్కడా ఉన్నట్టు వినలేదు. ఆయన దాన్ని తన మంచానికి ఎదురుగా గాజు బీరువాలో పెట్టుకుని రోజూ దాని ముఖం చూస్తూ నిద్ర లేస్తాడట. రెండో ప్రతిలో తలుపు వెలుగు ఆరిపోయి, ఆ చీకట్లో లేతగా ఒక ఆడమనిషి నిలబడి ఉంది. మూడోదానిలో తలుపు పూర్తిగా చీకటి, మెట్ల కిటికీ కూడా ఆరింది, ఆ మనిషి ఆ కిటికీలో ఉంది. నాలుగోదానిలో ఆవిడ పై కిటికీలో, పొగలా. ఐదోదానిలో ఇల్లంతా చీకటి. ఎవరూ లేరు.

దీనికి ఆయన చెప్పే కారణం సేకరించేవాళ్ళందరూ ఒప్పుకున్నదే. బొమ్మను అచ్చొత్తే రాగి పలక, అదే బ్లాకు, కొత్తలో శుభ్రంగా ఉంటుంది, వెలుగు వెలుగుగా పడుతుంది. వాడగా వాడగా సన్నని సందుల్లో సిరా గడ్డకట్టి పూడిపోతుంది. ముద్రణ ముద్రణకూ చీకటి పెరుగుతుంది. మధ్యలో కనిపించే ఆడమనిషి ఆ పూడికలో పుట్టిన నీడ. ఆయన దీనిమీద ఒక వ్యాసం కూడా రాశాడు.

ఆమె రెండో ప్రతి చేతిలోకి తీసుకుంది. అలవాటుగా భూతద్దం ఆనించింది. చుక్కలు. ఎర్ర చుక్క, నీలి చుక్క, నల్ల చుక్క. అద్దం తీసి చేయి చాచి చూసింది.

తలుపులో నిలబడిన మనిషి ఒక కాలిమీదే నిలబడి ఉంది. రెండో పాదం ఎత్తి, మొదటి కాలి పిక్కకు ఆనించి, ద్వారబంధానికి భుజం వాల్చి. గోరంత ముఖం. ఆ ముఖం ఆమెకు తెలుసు. తెలుసునని ఆ క్షణందాకా తెలియదు. చిన్నప్పుడు నేలమీద కూర్చుని తలెత్తి చూసిన ముఖం, పొయ్యి దగ్గర ఒంటికాలిమీద నిలబడే మనిషి ముఖం.

మళ్ళీ అద్దం పెట్టింది. చుక్కలు. తీసింది. అమ్మ.

డాక్టరుగారి వరసలో ఆమె కళ్ళు ఎడమనుంచి కుడికి నడిచాయి. వెలుగున్న ఇల్లు. తలుపులో అమ్మ. మెట్లమీద అమ్మ. పైన, పొగలా అమ్మ. చీకటి. ఒక్కొక్క దీపమే ఆర్పుకుంటూ, ఒక్కొక్క గదే వెనక్కి నడుచుకుంటూ, మనిషి మాయమైపోయింది. మరిచిపోవడమంటే ఎలా ఉంటుందో ఇన్నేళ్ళూ ఆమె ఊహించుకుంది. అది అచ్చువేసి, రంగులు వేసి, బల్లమీద వరసగా పేర్చి ఉంది.

కళ్ళు లాగుతున్నాయని, రేపు వస్తానని డాక్టరుగారికి చెప్పి లేచింది. కళ్ళు లాగితే చూడవలసినవాణ్ణి నేనిక్కడే ఉన్నాను గదా అని ఆయన హాస్యమాడాడు. ఆమె చెవికెక్కలేదు.

ఇంట్లో మేనత్త బఠానీలు ఒలుస్తూ కూర్చుంది. తండ్రికి చెల్లెలు. వదిన పోయిన వారానికే పెట్టె పట్టుకుని వచ్చి, ఆ పిల్లను పెంచి, అక్కడే ముసలిదైన మనిషి. ఆవిడ నోటికి ఇరుగుపొరుగు జడిసేవారు. ముఖం అలా వేలాడేసుకొచ్చావేమని అడిగింది. మేనకోడలు గుమ్మంలో నిలబడే, అమ్మ ఒంటికాలిమీద నిలబడేదా అని అడిగింది.

బఠానీ గింజ ఒకటి అత్త వేళ్ళలోంచి జారి దొర్లుకుంటూ పోయింది.

కొంగలా నిలబడేదని చెప్పింది అత్త. అన్నయ్య ఆటపట్టించేవాడట, రెండో కాలు ఎవరికైనా అద్దెకిచ్చావా అని. ఆ మాటకు ఆవిడ నవ్వేదట. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో తల్లి నవ్వు గురించి ఎవరైనా చెప్పడం అదే మొదలు. మేనకోడలు చూసిందంతా చెప్పింది. దీపాలు ఆరడం, మనిషి వెనక్కి వెనక్కి పోవడం. నాన్న చేతులారా చెరిపేశాడని చెప్పింది.

అత్త తల అడ్డంగా ఊపింది. ఆ పుస్తకం మొదట వచ్చినప్పుడు వదిన బతికే ఉందని, ఆ అట్ట అంటేనే ఆవిడకు పడేది కాదని, ఎక్కడ కనపడితే అక్కడ బోర్లా తిప్పి పెట్టేదని అంది. ఎందుకంటే ఇల్లంతా చీకటి.

“చీకటా, దీపాలా? సరిగా గుర్తు తెచ్చుకో అత్తా.”

“నాకు చూపు మందగించిందిగాని మతి మందగించలేదు. చీకటే.”

కాని మేనకోడలి వృత్తిలో జ్ఞాపకం సాక్ష్యం కాదు. తొలి ప్రతిని తమ నాన్నే స్వయంగా కొన్నాడని ప్రమాణం చేసేవాళ్ళను ఎంతమందిని చూసింది! ముసలివాళ్ళ జ్ఞాపకాలు ఏ వైపు ప్రేమ ఉంటే ఆ వైపు ఒరుగుతాయి. రాత్రి పక్కమీద ఆమెకు ఒకటే ఆలోచన. ఒకవేళ అత్త మాటే నిజమైతే? అలా అయితే బాగుండునని తనకు ఉంది కాబట్టే దాన్ని నమ్మకూడదు. కాగితం చెప్పాలి.

మర్నాడు వెళ్ళి, డాక్టరుగారిని ఒక కిటికీ తెర తీయమని అడిగింది. ఆయనకు ప్రాణం మీదికొచ్చినంత పనైంది, అయినా తీశాడు. ఎండ బల్లమీద పడింది. ఆమె ఐదు ప్రతులనూ దగ్గరగా జరిపి, ప్రతిదానిలోనూ పై కిటికీ ఎడమ మూల ఒక్కదాన్నే చూడడం మొదలుపెట్టింది.

అట్టబొమ్మకు నాలుగు రాగి బ్లాకులు ఉంటాయి. ముందు పసుపు, తర్వాత ఎరుపు, నీలం, ఆఖరున నలుపు. బ్లాకు మీద ఎత్తుగా నిలిచిన చుక్కే కాగితానికి తగిలి రంగు పెడుతుంది. సిరా పూడితే ఆ చుక్కలు ఉబ్బి, ఒకదానితో ఒకటి అంటుకుని, ముద్దగా పడాలి. చీకటి ఇంటి ప్రతిలో చుక్కలు ముద్దగా లేవు. గుండ్రంగా, వేటికవి, నిన్ననే కడిగి ఆరబెట్టినట్టు ఉన్నాయి.

ఆమె దీపాల ప్రతికి జరిగింది. కిటికీ అంచు వెంట నల్ల చుక్కలు సగానికి తెగి ఉన్నాయి. నెలవంకల్లా. ఒక సన్నని ఉలి ఆ అంచు వెంట నడిచింది. లోపలి నలుపును, నీలాన్ని చెక్కి పారేసింది. అప్పుడు కింద ఎప్పటినుంచో ఉన్న పసుపు, ఎరుపు బయటపడి దీపం వెలుగయ్యాయి. వెలుగును ఎవరూ కొత్తగా గీయలేదు. చీకటి కిందనే ఉంది.

తలుపులో ఆడమనిషి ఉన్న ప్రతిలోనూ ఆ పై కిటికీ చుక్కలు అక్కడే, అలాగే తెగి ఉన్నాయి. మెట్ల ప్రతిలోనూ అంతే. చీకటి ఇంటి ప్రతిలో మాత్రం ఆ చుక్కలు నిండుగా ఉన్నాయి. నిండు చుక్క సగం కాగలదు. తెగిన సగం మళ్ళీ నిండు కాలేదు. చెక్కిన రాగి మళ్ళీ మొలవదు.

ప్రతి ముద్రణకు ముందూ అచ్చుకూటంనుంచి కబురు రావడం, తండ్రి జేబులో ఉలి వేసుకుని వెళ్ళడం ఆమెకు తెలుసు. ఇల్లు వదిలి పోవడానికి ఒక వంక దొరికిందనుకునేది. ఆయన వెళ్ళింది ఇందుకు. పొగలాంటి ముఖం ఒకటి, చుక్క చుక్కా పలచన చేసి, పై కిటికీలో నిలబెట్టడానికి. మళ్ళీ అచ్చు వేసేనాటికి ఆ కిటికీని పూర్తిగా చెక్కేసి వెలుగు చేసి, మనిషిని మెట్ల దగ్గరికి దించడానికి. ఆ తర్వాత తలుపు దగ్గరికి.

ఆమె పుస్తకాలు చేత్తో ఎత్తి వరస తిరగేసింది. చీకటి ఇల్లు ఎడమకు, దీపాల ఇల్లు కుడికి. కారణం చెప్పింది. డాక్టరుగారు అద్దం పుచ్చుకుని చాలాసేపు చూశాడు. ఒకరి కళ్ళు చూసినంత జాగ్రత్తగా, వంగి, తల అటూ ఇటూ తిప్పి. ఆయన వ్యాసం, ఆయన వాదం, ఆయన పేరు పెట్టుకున్న తొలి ప్రతి, అన్నీ ఆ తెగిన చుక్కల్లో పోయాయి. కళ్ళజోడు తీసి గుడ్డతో తుడుచుకున్నాడు.

“అంటే ఇన్నేళ్ళూ తలకిందులుగా చదివానన్నమాట. ఆవిడ లోపలికి పోవడం లేదు.”

“లేదండీ. వస్తోంది.”

డాక్టరుగారు కుడివైపు చివరి ప్రతిని చూశాడు. తలుపు బార్లా తెరిచి ఉంది. గుమ్మం నిండా వెలుగు. గుమ్మంలో ఎవరూ లేరు. బాట ఖాళీగా వచ్చి అట్ట అంచున ఆగి ఉంది.

“దీని తర్వాత ఇంకో ముద్రణ వచ్చిందా?”

రాలేదని ఆమె చెప్పింది. అదే ఆఖరుది.

ఆయన లేచి కిటికీ తెర మూయబోయి, ఏమనుకున్నాడో, మూయకుండానే వెనక్కి వచ్చాడు. ఎవరినీ తన పుస్తకం అరచేయి వెడల్పు దూరం కూడా మోసుకుపోనివ్వని మనిషి, దీపాల ప్రతిని మెత్తని కాగితంలో చుట్టి ఆమె చేతిలో పెట్టాడు. వివరం మీ ఇంట్లోనే నింపాదిగా రాసుకోండి, నాకు తొందరేమీ లేదు, అవసరమైతే నెలరోజులు ఉంచుకోండి అన్నాడు. మంచానికి ఎదురుగా ఉన్న బీరువా గురించి ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఆమె ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. పుస్తకం బల్లమీద పెట్టి కాగితం విప్పింది. అత్త దగ్గరికి వచ్చి చూసింది. చేయి చాచింది గాని ముట్టుకోలేదు.

“నాన్న మరిచిపోలేదత్తా,” అంది ఆమె.

“మరిచిపోవడమా? ఆవిడ మరిచిపోనిస్తేగా.”

అయితే ఒక్కసారైనా ఆ పేరెందుకు పలకలేదని, ఎవరైనా ఆ ఊసెత్తితే లేచి ఎందుకు పోయేవాడని మేనకోడలు అడిగింది. అడగడంలో పాత కోపం ఇంకా కొంచెం ఉంది. ఆ కోపం లేకుండా ఎలా నిలబడాలో ఆమెకు తెలియదు.

అత్త కుర్చీ లాక్కుని కూర్చుంది. “పోయిన మనిషి, పాపం మంచిది, అంటూ మొదలెట్టేవాళ్ళు వచ్చినవాళ్ళంతా. ఎదురుగా ఉన్న మనిషి గురించి అలా మాట్లాడితే ఎవరు కూర్చుంటారే? వినపడదూ ఆవిడకి?”

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

“నీకు కనపడేదా అత్తా?”

“నాకెందుకు కనపడుతుంది. నేను చూసింది అన్నయ్య కళ్ళని. భోజనాల దగ్గర నాన్న నా మొహంలోకి చూడడని ఏడ్చేదానివి గుర్తుందా? ఆయన చూపు నీ భుజం పక్కన ఆగేది. కాస్త పైగా. మనిషి నుంచుంటే తల వచ్చే చోట. నీకు చెబుదామనే అనుకున్నాను చాలాసార్లు. నువ్వేమో కంచంలోంచి తలెత్తేదానివి కాదు. ఉడుకుమోత్తనం. అంతా తండ్రి పోలికే.”

అత్త లేచి లోపలికి వెళ్ళింది. నీళ్ళు పడుతున్న చప్పుడు వినవచ్చింది.

ఆమె కాగితం తీసుకుని వివరం రాయడానికి కూర్చుంది. పని చేతిలో ఉంటే మనసు నిలుస్తుందని. డాక్టరుగారింట్లో రాసుకున్న గుర్తులు చూసి తొలి ముద్రణ గురించి ముందు రాసింది: జేబు పరిమాణం, కుట్టు రెండు చోట్ల, ముఖచిత్రంలో చీకటి ఇల్లు, బొమ్మలో మనుషులెవరూ లేరు. ఆ తర్వాత రెండోది, మూడోది, నాలుగోది. ఆడమనిషి ఎక్కడున్నదీ, ఎలా నిలబడ్డదీ. ఎవరన్నది రాయలేదు. గ్రంథాలయానికి ఆ సంగతి అక్కరలేదు.

ఆఖరి ముద్రణకు వచ్చింది. పరిమాణం రాసింది. కుట్టు రాసింది. దీపాలు మూడని రాసింది, తలుపు తెరిచి ఉన్నదని రాసింది. బొమ్మలో మనుషులెవరూ, అని మొదలుపెట్టి కలం ఆపింది.

కళ్ళెదుట ఉన్నది ఖాళీ గుమ్మమే. ఉన్నది ఉన్నట్టు రాయడమే ఆమె ఎరిగిన ధర్మం. ఆ మాట పూర్తిచేయడానికి ఒక్క చిన్న పదం చాలు. కాని ఒక మనిషి ఉన్న గదిలో కూర్చుని, ఆ మనిషి లేదని రాయడం ఎలాగో ఆమెకు తెలియలేదు. రాసిన ఆ మాటల్ని నెమ్మదిగా కొట్టివేసింది. కలం మూసి పక్కన పెట్టింది.

తర్వాత, తలదించుకునే ఉన్నందుకు ఏళ్ళ తరబడి పట్టేసిన మెడను కొద్దికొద్దిగా పైకెత్తి, తన భుజం పక్కకు, కాస్త పైకి చూసింది.